ఊడ్పు: 14 మంది

మా నాన్న చిట్టా పుస్తకాలు మొత్తం పదిహేడు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకాలు. ఏటా ఉగాదికి ముందు అమలాపురం వెళ్ళి కొనుక్కొచ్చేవారు. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద కొబ్బరి పీచు బస్తాల వెనకాల బయటపడ్డాయి. రెండింటిని చెద తినేసింది. మిగతావి ముందేసుకుని పండగ మూడు రోజులూ వాటితోనే గడిపాను. "పండక్కొచ్చి కూడా లెడ్జర్లేనా" అని మా ఆవిడ సణుక్కుంది. పాతికేళ్ళుగా బ్యాంకులో అప్పులు రాసే పని నాది, అంకె కనబడితే వదల్లేను.

1992 సార్వా, అంటే తొలకరి వరి పంట, పేజీల్లో ఒక వరుస ఇలా ఉంది.

"జులై 27. శివారు చెక్క ఊడ్పు. 14 మంది. 20 లెక్కన 280. ఆకు, వక్క, పొగాకు 9."

ఊడ్పు అంటే వరి నాట్లు, చెక్క అంటే పొలం ముక్క. ఆ రోజు నేను బడి ఎగ్గొట్టాను. పదమూడేళ్ళ వాణ్ణి. ఆకు, అంటే వరి నారు, కట్టలు విసిరే పని నాది. ఆకుమడిలో పీకిన కట్టల్ని గట్టు మీద నుంచి మడిలోకి, ఊడ్చేవాళ్ళ వెనకాల సరిగ్గా చేతికందే చోట పడేలా విసరాలి. దగ్గరగా పడితే వాళ్ళ మొహాన బురద, దూరంగా పడితే వాళ్ళ నోట తిట్లు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు నడుం వంచి, వరసగా, వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడ్చేవారు. మేస్త్రమ్మ ఎప్పుడూ కుడి చివర ఉండేది. ఆవిడ చేతులు చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఎడమ చేతిలో కట్ట, కుడి చేత్తో మూడు నాలుగు మొక్కలు విడదీసి బొటనవేలితో బురదలోకి ఒక్క నొక్కు. వేలు తీసేలోపు బురద మూసుకుపోయేది. మొక్క పక్కకి వాలేది కాదు. ఎంత లోతు నొక్కాలో ఆవిడకి ఎవరు నేర్పారో తెలీదు గానీ, లోతు ఎక్కువైతే పిలకలు రావనీ తక్కువైతే గాలికి తేలిపోతుందనీ నాకు మాత్రం ఆవిడే చెప్పింది.

మాది కాట్రేనికోనకి దిగువన, కాలువ చివర. ధవళేశ్వరం దగ్గర సెంట్రల్ డెల్టాకి వదిలిన నీళ్ళు ఎన్ని ఊళ్ళు తడిపి, ఎన్ని లాకులు దాటి మా పంట బోదెలోకి రావాలో! వచ్చేసరికి నీళ్ళ కంటే గుర్రపుడెక్కే ఎక్కువ ఉండేది. మా తాతయ్య గోడ మీద కాటన్ దొర పటానికి రోజూ దండం పెట్టి, బయటికెళ్ళి కాలువ నీళ్ళు వదిలే లస్కరుని తిట్టేవాడు. 1852లో ఆనకట్ట కట్టినాయనకి శివారు రైతు కష్టం తెలీదని కాదు, లస్కరుకి తెలిసీ తూము ఎత్తడని ఆయన కోపం. మా చేను దాటితే మురుగు కాలువ, దాని అవతల ఉప్పు పాయ, మడ అడవి, ఆ తరవాత సముద్రం. పైనించి తీపి, కిందనించి ఉప్పు. మా మూడున్నర ఎకరాలూ ఆ రెండింటి మధ్యన.

ఆ చేలోంచి మాకు ఏం వచ్చేదో నాన్న రాశారు: ఇన్ని బస్తాలు, బస్తా ఇంతకి అమ్మకం. రాయనివి ఇంకా చాలా వచ్చేవి. తూము దగ్గర మామ్మ ఒక వెదురు బుట్ట పెట్టించేది. నీళ్ళు తీసేసిన రోజుల్లో మట్టగిడసలు, ఇంగిలాయిలు, చేదు పరిగెలు లాంటి చేపలు పడేవి. ఒక రోజు బుట్ట మాది, మర్నాటి బుట్ట మేస్త్రమ్మ వాళ్ళది. ఆ వాటా ఎప్పుడు ఎవరు పెట్టారో తెలీదు, మామ్మ మాత్రం తప్పేది కాదు. గట్ల మీద పొన్నగంటి కూర ఎవరు కోసుకున్నా అడిగేవాళ్ళు కారు. కోతలయ్యాక పరిగె, అంటే రాలిన వెన్నులు, ఏరుకునేవాళ్ళు, ఆ వెనకాల బాతుల మందలు. మేస్త్రమ్మకి ఒక్క సెంటు భూమి లేదు గానీ ఒక గేదె ఉండేది. అది మా గట్ల మీద గడ్డి తిని వాళ్ళ పిల్లలకి పాలిచ్చేది. నూతిలో నీళ్ళు తియ్యగా ఉండేవి. వీటిలో ఒక్కటీ చిట్టాలో లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు, డబ్బు చేతులు మారలేదు కదా.

మా బ్యాంకులో వ్యవసాయ మోటారుకి అప్పిస్తే ఏటా తరుగు, అంటే వాడేకొద్దీ తగ్గే విలువ, రాస్తాం. ట్రాక్టరుకి రాస్తాం. నుయ్యికి రాయం. నుయ్యి తవ్విన ఖర్చుకి రాస్తామేమో గానీ, నూతిలో తీపికి రాయం. దేశాల లెక్కలూ అంతే. జాతీయాదాయం లెక్కగట్టే పద్ధతిని నిలబెట్టిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో చెప్పాడు, ఈ అంకె చూసి ప్రజల బాగోగులు తేల్చకండి అని. ఆ మాట వదిలేసి అంకె మాత్రం అందరూ పట్టుకున్నారు.

రొయ్యల చెరువులు 1991 ప్రాంతంలో మొదలయ్యాయి. జీపుల్లో ఎవరెవరో వచ్చేవారు. పాయ పక్కన బీడు చెక్కలు తీసుకుని పొక్లెయిన్ దింపారు. పొక్లెయిన్ మా ఊరు రావడం అదే మొదటిసారి, బడి పిల్లలం అంతా దాని వెనకే పరిగెత్తాం. టైగర్ రొయ్య. కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి ధర, దాన్ని కౌంట్ అంటారు. అప్పటిదాకా ఊళ్ళో ఎవరి నోట ఆ మాట లేదు, ఏడాది తిరిగేసరికి చంటిపిల్లాడు కూడా ముప్ఫై కౌంట్, నలభై కౌంట్ అనేవాడు. ఒక్క పట్టుబడికి ఇల్లు కట్టినవాణ్ణి చూశాను, బుల్లెట్ బండి కొన్నవాణ్ణి చూశాను. రాత్రిళ్ళు చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పే డీజిలు ఇంజన్ల చప్పుడు. మొదటి నెల నిద్ర పట్టలేదు. తరవాత అవి ఆగితే మెలకువ వచ్చేది.

మా నాన్న మొదట ఇవ్వనన్నారు. ఊళ్ళో పెద్ద రైతులు నవ్వారు. 1993లో ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 310 రూపాయలు, అంటే బస్తా రెండొందల ముప్ఫై చిల్లర. ఖర్చులు పోను ఎకరానికి పంటకి రెండు వేలు మిగిలితే గొప్ప. చెరువుకి లీజు ఎకరానికి ఏడాదికి పన్నెండు వేలు. కళ్ళు మూసుకుని ఇచ్చేవాళ్ళు. అయినా నాన్న ఆగారు. ఆగనివ్వంది పక్క చెక్క. అది చెరువైంది, దాని ఉప్పు గట్టు కిందనించి మా మడిలోకి ఊరింది. ఆ దాళ్వాకి, అంటే రెండో పంటకి, తూర్పు గట్టు వెంబడి నాలుగు బారల మేర వరి ఎర్రబడింది. ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. మామ్మ కందిపప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టి వెనక్కి పంపింది. రెండోసారి తెచ్చింది కూడా ఉడకలేదు. అప్పుడు నూతి నీళ్ళు నోట్లో పోసుకుని చూసింది. ఏమీ అనలేదు. ఊసేసి లోపలికెళ్ళింది.

ఆ వేసవిలో నాన్న సంతకం పెట్టారు. పెట్టకపోతే పంట లేదు, లీజూ లేదు. ఆశ కొద్దీ ఇచ్చారని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అలాగని ఆశ అసలు లేదని కూడా అనను. ఆ డబ్బుతో అక్క పెళ్ళయింది. నేను అమలాపురంలో ఇంటరు చదివింది ఆ రొయ్యల డబ్బుతోనే.

చిట్టా చూస్తే తమాషాగా ఉంటుంది. 1992 పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా నిండింది. 1993 పుస్తకంలో ఆరు పేజీలు. లీజు జమ 42,000. అక్కడితో ఇంచుమించు అయిపోయింది. ఆదాయం పెరిగి పుస్తకం చిక్కిపోయింది. మధ్యలో ఏం పోయిందా అని మొన్న కూర్చుని లెక్క కూడాను. 1992లో మూడున్నర ఎకరాలకి రెండు పంటలూ కలిపి 336 కూలి రోజులు తేలాయి. ఆకుతీత, ఊడ్పు, కలుపు, కోత, కట్టేత, నూర్పు, గట్ల పని. చెరువైనాక కాపలాకి ఇద్దరు, మేత చల్లడానికి ఒక కుర్రాడు. ముగ్గురూ వేరే ఊళ్ళ వాళ్ళు.

మేస్త్రమ్మ బృందం మా ఒక్కళ్ళ చేలోనే కాదు, మా వైపు ఓ నలభై ఎకరాలు ఊడ్చేది. మూడేళ్ళలో అందులో ముప్ఫై ఎకరాలు చెరువులయ్యాయి. గేదెని అమ్మేశారు, గట్లు లేవు కదా మేపడానికి. చెరువు గట్టు మీద నడిస్తే కాపలావాడు టార్చి వేసేవాడు. ఆ బృందంలో చిన్నవయసు ఆడవాళ్ళు ఒక్కొక్కరే గల్ఫ్ వెళ్ళడం మొదలైంది. కువైట్, మస్కట్, దుబాయ్. ఇళ్ళల్లో పనికి. మేస్త్రమ్మ పెద్ద కూతురు పాసుపోర్టు కాయితాల మీద సాక్షి సంతకం మా నాన్నదే. అదీ చిట్టాలో లేదు.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిపూట పడమటి ఆకాశం ఎర్రగా కనబడేది. మా వైపు భూమిలో అంత గ్యాస్ ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది. మా ఇంట్లో వంట మాత్రం కొబ్బరి మట్టల మీదే.

ఆ రోజుల్లోనే తెల్లమచ్చ తగిలింది. వైట్ స్పాట్. పొద్దున్నే రొయ్యలు గట్టు వారకి వచ్చి నీరసంగా వాలిపోయేవి. పట్టుకుంటే పెంకు మీద సున్నం చుక్కల్లాగా మచ్చలు. మూడు రోజుల్లో చెరువు పోయేది. మా చెరువు లీజుకి తీసుకున్నాయన రెండు పంటలు వరసగా పోగొట్టుకుని, ఒక రాత్రి ఇంజన్లు లారీకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆఖరి ఏడు లీజూ రాలేదు, కాపలావాళ్ళకి నాలుగు నెలల జీతమూ రాలేదు.

1996 నవంబరు 6 తుపాను. దాని గురించి మా వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నేను అమలాపురంలో అద్దె గదిలో ఉన్నాను. మూడో రోజు నడుచుకుంటూ ఊరికెళ్ళాను. దారి పొడుగునా కొబ్బరి చెట్లు దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. పెట్టిన మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పట్టే చెట్టు, గంటల్లో పోయింది. వేటకెళ్ళిన పడవలు చాలా తిరిగి రాలేదు. పాయ పక్కన బలుసుతిప్ప వైపు చుట్టరికం ఉన్న ఒక మత్స్యకారుడు నాన్నతో అన్న మాట నేను విన్నాను: "మడ ఉన్నకాడ పడవ చెట్లకి తగులుకుని ఆగిందండి. చెరువులు తవ్వినకాడ ఆపేదేదీ లేదండి." మడ అడవికి కూడా మేం ఎప్పుడూ ఖరీదు కట్టలేదు. వంటచెరకు ధర తప్ప.

నెల తిరిగిందో లేదో, డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ గారు వేసిన కేసు అది. తీర ప్రాంత పరిధిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులు తీసేయాలి, పంటభూముల్నీ మడ అడవుల్నీ చెరువులుగా మార్చకూడదు, పాడుచేసినవాడే పరిహారం కట్టాలి. టీ కొట్టు దగ్గర పేపరు చదివే పని నాకు అప్పజెప్పారు, ఇంటరు చదువుతున్నానని. అందులో ఒక ముక్క దగ్గర అందరూ "మళ్ళీ చదువు" అన్నారు. చెరువులు మూసేస్తే, అందులో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన వాళ్ళకి మామూలు పరిహారం కాక, అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలి.

ఆరేళ్ళ జీతం! మా చెరువు కాపలావాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. ఒకడు నవ్వాడు, నాలుగు నెలల జీతమే రాలేదని.

సాయంత్రం మేస్త్రమ్మ ఇంటికొచ్చింది. తుపానుకి ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయింది, తాటాకు అడగడానికి వచ్చింది. అరుగు కింద నిలబడి, తాటాకు మాట అయ్యాక, కొంగు సర్దుకుంటూ అడిగింది.

"ఆరేళ్ళ కూలి ఇమ్మన్నారంట కదండి కోర్టోరు?"

"చెరువుల్లో పనిచేసిన వాళ్ళకమ్మా" అన్నారు నాన్న.

"ఆయ్. చెరువుల్లో చేసినోళ్ళకి సరేనండి. చెరువులొచ్చి పని పోయినోళ్ళకండి?"

నాన్న తాటాకు ఎన్ని మోపులు కావాలని అడిగారు. ఆవిడ నాలుగంది. ఆరు ఇప్పించారు.

ఆ ప్రశ్న నాకు అప్పుడు పూర్తిగా అర్థమైందని చెప్పుకోను. తీర్పు అమలు రివ్యూ పిటిషన్లతో ఆగింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. ఆరేళ్ళ జీతం మా ఊళ్ళో ఎవరూ కళ్ళజూడలేదు.

రెండేళ్ళ కిందట మా బ్యాంకువాళ్ళు విశాఖలో రెండ్రోజుల శిక్షణ పెట్టారు, హరిత రుణాల మీద. ఏసీ హాలు, మధ్యాహ్నం బిర్యానీ. ఒక మేడమ్ వచ్చి 'జస్ట్ ట్రాన్సిషన్' గురించి చెప్పారు. జస్ట్ అంటే మనకి "ఊరికే, కాస్త" అనే కదా అలవాటు. మా పక్కాయన "జస్ట్ మార్పేనంట, పెద్ద మార్పు కాదంట" అని చెవిలో జోకేశాడు. న్యాయంగా మారడం అని ఆవిడ ఉద్దేశం. బొగ్గు గనులు మూసేయాల్సి వస్తే గని కార్మికుడి గతేమిటి అన్న ప్రశ్న. 2015 పారిస్ ఒప్పందం పీఠికలో ఈ మాట ఉందట. దీనికి మూలం టోనీ మజ్జోకీ అనే అమెరికా కార్మిక నాయకుడు. చమురు, రసాయనాల కార్మికుల సంఘంలో పనిచేసినవాడు. 1990ల మొదట్లో ఆయన అడిగిందేమిటంటే, విషం చిమ్మే ఫ్యాక్టరీని మూసేయండి, కానీ అక్కడి మట్టి బాగుచేయడానికి నిధి పెట్టినట్టే కార్మికుడికీ ఒక నిధి పెట్టండి, అతను మళ్ళీ చదువుకుని ఇంకో పనిలో కుదురుకునేదాకా జీతం నడపండి అని. మట్టికి ఉన్న మర్యాద మనిషికి ఉండొద్దా అని ఆయన వాదన. నేను నోటుబుక్కులో సంవత్సరాలు రాసుకుని చూశాను. అమెరికాలో ఆయన అది అడుగుతున్న రోజుల్లోనే మా నాన్న లీజు మీద సంతకం పెట్టారు. మన సుప్రీంకోర్టు ఆరేళ్ళ జీతం అన్నది ఆ తర్వాత మూడేళ్ళకి. ఆ పేరు లేకుండానే ఆ ఆలోచన మన దగ్గర కాయితం మీదకి వచ్చింది.

కానీ మేస్త్రమ్మ అడిగింది ఇంకో అడుగు ముందుంది. మూసేసేటప్పుడు పని పోయేవాళ్ళకి మస్టరు ఉంటుంది, జీతం రసీదు ఉంటుంది, కోర్టుకి కనబడతారు. తెరిచేటప్పుడు పని పోయినవాళ్ళకి ఏముంది? పద్నాలుగు మంది అని ఒక అంకె.

ఆ మేడమ్ చెప్పిన వాటిలో హెర్మన్ డేలీ మాట ఒకటి నాకు బాగా పట్టింది. ఆయన ఆరేళ్ళు ప్రపంచ బ్యాంకులో పనిచేసి బయటికొచ్చిన ఆర్థికవేత్త, 2022లో పోయారు. ఒకప్పుడు సముద్రంలో ఎంత చేప పడుతుందన్నది ఎన్ని పడవలున్నాయన్న దాన్నిబట్టి ఉండేది, ఇప్పుడు ఎన్ని చేపలు మిగిలాయన్న దాన్నిబట్టి ఉంది, అయినా మన లెక్కలు ఇంకా పడవలే లెక్కపెడుతున్నాయి అంటారాయన. హాల్లో అందరూ రాసుకున్నారు. బలుసుతిప్ప వాళ్ళకి ఈ సంగతి చెబితే "ఇది చెప్పడానికి ఇంత చదవాలా అండి" అంటారు.

చేను సంగతి. 1997 నుంచి నాన్న ఉప్పు కడగడం మొదలెట్టారు. జిప్సం చల్లి, వాన నీళ్ళు నిలగట్టి, మురుగులోకి వదిలి, మళ్ళీ నిలగట్టి. జీలుగ వేసి దున్నారు. మొదటి ఏడు ఎకరానికి ఏడు బస్తాలు. మూడో ఏడు పదహారు. మునుపటి పాతిక మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ మూడేళ్ళూ నష్టం ఆయనొక్కరే మోశారు. పాడుచేసినవాడు ఇంజన్లు తీసుకుని ఎప్పుడో పోయాడు. మేస్త్రమ్మ మళ్ళీ వచ్చింది, ఎనిమిది మందితో. 2011లో గిట్టుబాటు కావట్లేదనీ మురుగు కాలువలు పూడిపోయాయనీ కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. లక్ష ఎకరాల దాకా బీడు పెట్టారు. మేమూ పెట్టాం. మాజీ చీఫ్ సెక్రటరీ మోహన్ కందాతో కమిటీ వేశారు, పెద్ద పేపర్లన్నీ కోనసీమ వైపు చూశాయి. రైతుగా నాకు ఆ సమ్మె తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. కానీ ఆ ఏడు కూడా ఎనిమిది మందికి ఊడ్పు లేదు. వాళ్ళని ఏ కమిటీ పిలిచిందో నాకైతే గుర్తులేదు.

కొల్లేరు కథా ఇంతే, ఇంకా పెద్ద ఎత్తున. 2006లో అయిదో కాంటూరు, అంటే సరస్సుకి హద్దుగా పెట్టిన ఎత్తు గీత, లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, కాదనను. అప్పట్లో కైకలూరు బ్రాంచిలో ఉన్న మా సహోద్యోగి ఒకాయన చెబుతూ ఉంటాడు, గట్టు తెగినప్పుడు పెద్ద లీజుదారుడికి ఆ ఏటి పెట్టుబడి పోయింది, సొసైటీ పేరు మీద వాటా ఉన్న చిన్నవాడికి ఊరే పోయింది అని. గట్టు కొట్టడానికి తేదీ ముందే పెట్టుకున్నారు, మనుషులకి దారి చూపడానికి తేదీ ఎవరూ పెట్టుకోలేదు. సర్కారుకి యంత్రాలు ముందు దొరుకుతాయేమో.

ఇలా కాక ఇంకోలా జరిగింది కూడా చూశాను. కోరంగి వైపు మడ అడవి మళ్ళీ పెంచుతూ, అటవీ శాఖా స్వామినాథన్ పరిశోధనా సంస్థా కలిసి ఊళ్ళవాళ్ళ చేత చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. మధ్యలో వెన్నెముకలాగా ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పక్కటెముకల్లా చిన్నవి. పోటుకి ఉప్పు నీళ్ళు లోపలిదాకా వెళ్ళి, పాటుకి తిరిగొస్తాయి. నీళ్ళు నిలిచి ఉప్పు పేరుకుపోయి చచ్చిన నేల మళ్ళీ మొక్క పడుతుంది. తవ్వినవాళ్ళకి కూలి, పెరిగితే వేటకి రొయ్యపిల్ల, పీత. మొదటిసారి చూసినప్పుడు ఆ కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇది మా పాయ పక్కన 1997లో జరిగి ఉంటే పద్నాలుగు మందికి ఎన్ని రోజుల పని అయ్యేదో వేళ్ళ మీద లెక్కేశాను. పాడు అలవాటు.

ఇక దాచుకున్నది చెప్పేస్తాను. 2014లో నాన్న పోయారు. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చినప్పటి నుంచి మా వైపు రెండో జాతర నడుస్తోంది. 2015 వేసవిలో చేను మళ్ళీ చెరువుకి ఇచ్చాం. ఈసారి సంతకం నాది. ఉప్పు చుట్టూ ఉంది, ఊడ్చేవాళ్ళు లేరు, మేం రాజమండ్రిలో ఉంటాం, పాప చదువు ఫీజు... కారణాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు. హరిత రుణాల శిక్షణలో మొదటి బెంచీలో కూర్చున్న మనిషి సొంత చేను రొయ్యల చెరువు. నవ్వుకోండి.

మేస్త్రమ్మకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆవిడ కోడలు రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి వెళ్తుంది. తెల్లారుజామున అయిదింటికి బస్సు వచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతుంది. చేతికి గ్లవుజులు, కాళ్ళకి బూట్లు, రోజంతా ఐసులో నిలబడే పని. కూలి ఊడ్పు కంటే మేలని ఆ అమ్మాయే చెప్పింది, ఏడాది పొడుగునా పని ఉంటుందని కూడా. 2025 ఆగస్టులో అమెరికావాడు మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచాక బస్సు వారానికి నాలుగు రోజులే వచ్చిందట. మా లీజుదారుడు కూడా ఫోన్ చేసి "ఈ ఏటికి తగ్గించుకోండి సార్" అన్నాడు. అందరి కంటే ముందు తగ్గింది మాత్రం ఆ బస్సు.

చిట్టా పుస్తకం పట్టుకుని కనుమ నాడు ఆవిడ ఇంటికెళ్ళాను. అరుగు మీద కొబ్బరీనెలు చీరుతోంది. పక్కనే ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను. ఊళ్ళో నూతి నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగరు.

"ఎప్పుడొచ్చారు బాబూ? అమ్మాయి గారు, పాప బాగున్నారా?" అంటూ లేవబోయింది. వద్దన్నాను. పుస్తకం తెరిచి ఆ వరుస చదివాను. పొగాకు దగ్గరికి వచ్చేసరికి పకపకా నవ్వింది.

"తొమ్మిది రూపాయల పొగాకా! మీ నాన్నగారు పొగాకు కూడా రాశారండీ!"

ఆ పద్నాలుగు మంది ఎవరెవరో చెప్పమన్నాను. కళ్ళు మూసుకుంది. కుడి చివర తన పక్కావిడ నుంచి మొదలెట్టింది, ఆ రోజు మడిలో నిలబడిన వరసలోనే. ఒక్కో పేరూ చెప్పి ఆగేది. ఫలానా ఆవిడ ఆ ఏడే కడుపుతో ఉందండి, ఫలానా ఆవిడ మీరు కట్ట విసిరితే మొహాన పడి తిట్టింది చూడండి, ఆవిడ. నలుగురు కాలం చేశారు. ముగ్గురు గల్ఫ్ వెళ్ళారు, ఇద్దరే తిరిగొచ్చారు. పన్నెండు దగ్గర ఆగిపోయింది. మిగతా ఇద్దరూ అత్తారిళ్ళ నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఆ ఒక్క రోజు ఊడ్చిన పిల్లలట, పేర్లు గుర్తు రావట్లేదంది. కోడల్ని కేకేసి అడిగింది. ఆ అమ్మాయికి అప్పటికి పుట్టుకే లేదు.

నాన్న రాత కింద ఉన్న ఖాళీలో బాల్‌పెన్నుతో పన్నెండు పేర్లు రాశాను. చదవడం రాదు గానీ పుస్తకం చేతిలోకి తీసుకుని చూసింది.

"నాదెక్కడండి?"

ఆఖరున రాశానని వేలు పెట్టి చూపించాను.

"కింద కాదండి బాబూ. మేస్త్రిని నేను. పైన రాయండి."

పైన చోటు లేదు. తేదీ పక్కన ఇరికించి రాశాను.